చాలా బాగున్నాయి, మామయ్యా

పొద్దున్నే కాఫీ కప్పు చేతికి రాగానే దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళడం మాస్టరుకి అలవాటు. ఆ రోజూ తీసుకెళ్ళాడు. ఆవిరి మొహానికి తగిలింది, కళ్ళజోడు మసకబారింది, అంతే. కాఫీ వాసన మాత్రం రాలేదు. నిన్నా రాలేదు, మొన్నా రాలేదు. పోయిన చలికాలంలో పది రోజులు జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ ఒక్కరోజు కూడా రాలేదు. అయినా కప్పు ముక్కు దాకా వెళుతూనే ఉంది. ఆశ అనేది అంత తేలిగ్గా వదిలిపెట్టే జబ్బు కాదు మరి.

"కాఫీ బాగుందా మామయ్యా?" అని కోడలు స్టవ్ దగ్గర్నుంచే అడిగింది.

"బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు మాస్టరు.

ఆయన్ని అందరూ మాస్టరు అంటారు గానీ ఆయన బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. ముప్ఫై ఆరేళ్ళు ఒకే బేకరీలో బట్టీ ముందు నిలబడ్డ మనిషి. ఆ బేకరీ గోడకి ఒక గడియారం ఉండేది. అది ఎప్పుడో ఆగిపోయింది, దాన్ని బాగు చేయించాలని ఎవరికీ తోచలేదు. రొట్టె కాలిందో లేదో మాస్టరు ముక్కు చెప్పేది. బట్టీకి నాలుగడుగుల దూరంలో కబుర్లు చెబుతూ ఉన్నవాడు ఉన్నట్టుండి మాట ఆపి, "వచ్చేసింది" అనేవాడు. అంతే, పనివాళ్ళు పొడుగాటి చెక్క గరిటెలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఒక్కసారి కూడా మాడింది లేదు, పచ్చిగా మిగిలింది లేదు.

ఆ ముక్కు ఇప్పుడు కళ్ళజోడు నిలబెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికి రావడం లేదు. డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళి చూపించుకున్నాడు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, చెప్పలేమన్నాడు ఆ డాక్టరు. నాలుక మీద తీపీ ఉప్పూ తెలుస్తాయి, అంతకు మించి ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంటుంది. ఈ సంగతి మాస్టరు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట భార్య పోయాక మాస్టరే కొడుకు ఇంటికి వచ్చేశాడు. కొడుకు లిఫ్టుల మెకానిక్కు, కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. ఇద్దరూ మంచివాళ్ళే, ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఆయన గదిలోకి వచ్చేముందు తలుపు తట్టి వస్తారు. అన్నం మొదట ఆయనకే వడ్డిస్తారు. టీవీలో ఏం పెట్టమంటారని అడుగుతారు. చుట్టం వస్తే ఇలాగే చూసుకుంటారు. కాకపోతే చుట్టం నాలుగు రోజులకి వెళ్ళిపోతాడు, ఈయన రెండేళ్ళుగా చుట్టంగానే ఉండిపోయాడు. ఇంటి మనిషిగా ఆయన చేసే పని ఒక్కటే మిగిలింది, అది వంటగదిలో ఓవెన్ పని. ముక్కు పోయిందని చెబితే అది కూడా మర్యాదగా చేతిలోంచి తీసేసుకుంటారని ఆయన భయం.

అందుకే మంగళవారం కోసం వారమంతా ఎదురు చూసేవాడు. మంగళవారం బిస్కెట్ల రోజు. పది నెలల మనవరాలికి గుమ్మడికాయతో మెత్తటి బిస్కెట్లు చేస్తాడు. ఇంట్లో దాన్ని బుడంకాయ అని పిలుస్తారు, పేరుకి తగ్గట్టే ఉంటుంది.

ముందురోజే గుమ్మడికాయని పెద్ద చెక్కలుగా కోసి ఓవెన్‌లో మగ్గపెట్టి, గుజ్జు గీకి, పల్చటి బట్టలో మూటకట్టి సింకు మీద వేలాడదీస్తాడు. ఆ నీళ్ళు కారకపోతే బిస్కెట్టు లోపల జావలా ఉండిపోతుంది. పొద్దున ఆ గుజ్జులో బాగా మగ్గిన అరటిపండు, కరిగించిన వెన్న, ఓట్స్ పిండి, చిటికెడు దాల్చినచెక్క పొడి వేసి కలుపుతాడు. ముద్దని రెండు భాగాలు చేస్తాడు. ఒక భాగంలో ఉప్పూ చక్కెరా వెయ్యడు. అది బుడంకాయది. బొటనవేలంత పొడుగ్గా చేస్తాడు, చిన్న పిడికిలిలో పట్టుకుంటే పైన కొరకడానికి కాస్త మిగలాలి. రెండో భాగంలో చక్కెర, ఎండుద్రాక్ష వేసి గుండ్రంగా ఒత్తుతాడు, అవి పెద్దవాళ్ళకి.

మొదట్లో ఇలాంటి మెత్తటి సరుకుని బిస్కెట్టు అనడానికే ఆయన ఒప్పుకోలేదు. విరిస్తే చప్పుడు రానిది బిస్కెట్టేమిటని కోడలితో వాదించాడు. కోడలు వాటిని కుకీలంటారని చెప్పింది. పేరు మార్చినంత మాత్రాన చప్పుడు వస్తుందా అన్నాడు. అయితే బుడంకాయ బోసినోటితో మొదటి ముక్క చప్పరించి రెండో దానికి చెయ్యి చాపిన రోజున మాస్టరు వాదన మొత్తం గాలికి పోయింది.

పిండి విషయంలో ఆయనది బేకరీ అలవాటే. అక్కడ సరుకు బస్తాల లెక్కన దిగేది, సాయంత్రానికి అయిపోయేది. పావుకిలో ప్యాకెట్టు కొనడం మాస్టరుకి చేతకాదు, చిన్నతనంగా ఉంటుంది. ఓట్స్ పిండి పదిహేను కిలోల డబ్బా తెచ్చి వంటగది మూల పెట్టాడు, వెన్న రెండు పెద్ద దిమ్మలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. మూడు నెలలుగా అవే వాడుతున్నాడు. సరుకు చెడిందో లేదో ముక్కు చెబుతుందన్న ధీమాతో బతికిన మనిషి ఇప్పటికీ చెంచాడు పిండి ముక్కు దాకా తెచ్చి, తల ఊపి, గిన్నెలో వేసేస్తున్నాడు.

ఓవెన్‌లో ట్రే పెట్టాక ఆయన నాటకం మొదలయ్యేది. చొక్కా జేబులో చేతిగడియారం ఒకటి దాచుకునేవాడు. కోడలు అటు తిరిగినప్పుడు దాన్ని ఓరకంట చూసేవాడు. పదమూడు నిమిషాలు కాగానే ఓవెన్ ముందు వంగి, గట్టిగా రెండుసార్లు గాలి పీల్చి, పాత గొంతుతో "వచ్చేసింది" అనేవాడు.

ఆ మంగళవారం కూడా అలాగే అన్నాడు. ట్రే దించి, చల్లార్చి, ఒకటి తీసుకెళ్ళి బుడంకాయ చేతికిచ్చాడు. అది నోట్లో పెట్టుకుంది, మొహం చిట్లించింది, నాలుకతో బయటికి తోసేసింది. మిగిలిన ముక్కని నేల మీదికి విసిరి కొట్టింది. నెల రోజుల నుంచి ఇదే వరస.

"పళ్ళు వస్తున్నాయి మామయ్యా, దేన్నీ నోట పెట్టనివ్వడం లేదు" అని కోడలు గబగబా నేల తుడిచింది. తను ఒక గుండ్రటి బిస్కెట్టు తీసుకుని కొరికింది. "చాలా బాగున్నాయి, మామయ్యా."

ప్రతి మంగళవారం ఇదే మాట. ఒక అక్షరం ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. కొడుకు సంచీ భుజాన వేసుకుని వచ్చి తండ్రి చూస్తుండగా రెండు తిని, గ్లాసెడు నీళ్ళు తాగి పనికి వెళ్ళిపోయాడు. మిగిలినవన్నీ కోడలు డబ్బాలో సర్దుకుంది. దుకాణంలో అందరూ ఎగబడి తింటారట.

అందరూ వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. బుడంకాయని కూడా కోడలు దారిలో క్రెచ్‌లో దింపేసి వెళుతుంది. మాస్టరు గిన్నెలు కడుగుతాడు, ట్రే తుడుస్తాడు, తుడిచిన ట్రేని మళ్ళీ తుడుస్తాడు. ఒంటిగంటకి తాళం చప్పుడవుతుంది. కోడలు వస్తుంది. రోజూ ఏదో ఒకటి మరిచిపోయి వస్తుంది. ఒకరోజు గొడుగు, ఒకరోజు ఫోను ఛార్జరు, ఇంకోరోజు తన కళ్ళజోడే. వంటగదిలోకి వెళ్ళి అర నిమిషం నిలబడి, తిన్నారా అని అడిగి వెళ్ళిపోతుంది. ముసలాడు ఏం తగలేస్తున్నాడో చూడటానికి వస్తోందని మాస్టరుకి లోపల్లోపల గుర్రుగా ఉండేది. ఒకసారి కొడుకుతో అన్నాడు కూడా, నా మీద కాపలా పెట్టారా అని. కొడుకు ఏదో నసిగి తప్పించుకున్నాడు.

బుధవారం సాయంత్రం క్రెచ్ నుంచి ఒక కాగితం వచ్చింది. శుక్రవారం పిల్లలందరికీ కలిపి తినిపిస్తారట, ప్రతి ఇంటి నుంచీ ఇంట్లో చేసిన మెత్తటి తిండి ఏదైనా పంపమన్నారు. బల్ల మీద పడున్న ఆ కాగితం మాస్టరు కంటపడింది. చదివేసరికి ఆయన వయసు పదేళ్ళు తగ్గింది. ఎంతమంది పిల్లలని అడిగాడు. ఇరవై మంది. అయితే అరవై చేస్తానన్నాడు. గుమ్మడికాయ అప్పటికప్పుడు వెళ్ళి తెచ్చుకున్నాడు.

కోడలు ఆ కాగితం వైపు చూసింది, భర్త వైపు చూసింది. కొడుకు అప్పుడే ఎక్కడ లేని శ్రద్ధతో సాక్సు మడత పెడుతున్నాడు. మరునాడు దుకాణం నుంచి రాగానే కోడలు చెప్పింది. క్రెచ్‌లో నియమం మారిందట, ఇంట్లో చేసినవి ఎవరివీ తీసుకోరట, అంతా వాళ్ళే చూసుకుంటారట. చెబుతున్నంతసేపూ బుడంకాయ గౌను గుండీలు పెడుతూనే ఉంది, తలెత్తలేదు.

మాస్టరు సరేనన్నాడు. సింకు మీద వేలాడుతున్న గుమ్మడికాయ గుజ్జు మూటని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

శుక్రవారం పొద్దున అందరూ వెళ్ళిపోయాక ఆయనకి కాలు నిలవలేదు. చేసిన గుజ్జు వృథా అవుతుంది కదా అని మొదలుపెట్టి, చూస్తుండగానే అరవై బిస్కెట్లు చేశాడు. పెద్దవాళ్ళకి ఒక్కటీ లేదు, అన్నీ చిన్న పిడికిళ్ళవే. నియమాలదేముంది, ఒకసారి కళ్ళతో చూస్తే ఎవరు కాదంటారని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అట్టపెట్టెలో కాగితం పరిచి వాటిని వరసగా పేర్చి, పదకొండు గంటలకి క్రెచ్ ముందు నిలబడ్డాడు.

కిటికీలోంచి చూస్తే లోపల పొడుగాటి బల్ల కనిపించింది. దాని మీద గిన్నెలు, డబ్బాలు, మూతల మీద ఇళ్ళవాళ్ళ పేర్లు. అన్నీ ఇంట్లో చేసినవే. మాస్టరుకి విషయం వెంటనే అర్థం కాలేదు. బహుశా నియమం మళ్ళీ మార్చి ఉంటారనుకున్నాడు.

క్రెచ్‌లో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ తలుపు తీసింది. లావుపాటి మనిషి, చంకలో ఒక పసివాడు నిద్రపోతున్నాడు. మాస్టరు తను ఫలానా అని చెప్పుకుని, పెట్టె మూత తీసి ముందుకు చాపాడు. ఆయమ్మ నవ్వుతూ వంగింది. వంగిన మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది. ఒక బిస్కెట్టు తీసి విరిచింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, మళ్ళీ పెట్టెలో వేసేసింది.

"ఏమీ అనుకోకండి పెద్దాయనా" అంది. "ఇవి పిల్లలకి పెట్టలేను. పిండి ముక్కిపోయింది. వెన్న కూడా చెడిపోయింది. పెట్టె తియ్యగానే కొట్టిందండీ వాసన, మీకు రాలేదా?"

ముప్ఫై ఆరేళ్ళలో మాస్టరుతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. కోపం వచ్చింది. పొద్దున చేసినవి, ఇంకా వేడి తగ్గలేదు అన్నాడు. ఆయమ్మ వాదించలేదు. ఆయన మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసింది.

ఇంతలో లోపలి నుంచి బుడంకాయ ఆయన్ని చూసింది. కేరింత కొట్టి, పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చి, ఆయన పంచె పట్టుకుని లేచి నిలబడింది. ఇంట్లో విసిరికొట్టే పిల్ల ఇప్పుడు తాత చేతిలో ఏదో ఉందని పెట్టె వైపు చెయ్యి చాపింది. మాస్టరు మూత మూసేశాడు. పెట్టెని తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు. అది అందక ఏడుపు మొదలుపెట్టింది. ఆయమ్మ దాన్ని రెండో చంకన వేసుకుంది. మాస్టరు వెనక్కి తిరిగి నడిచాడు. ఆ ఏడుపు వీధి మలుపు దాకా వినిపిస్తూనే ఉంది.

ఒంటిగంటకి కోడలు వచ్చేసరికి ఆయన వంటగదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద పిండి డబ్బా, వెన్న దిమ్మ, దాల్చినచెక్క సీసా, అరవై బిస్కెట్ల పెట్టె పరిచి ఉన్నాయి. మాస్టరు ముక్కుకి వెన్న అంటుకుని ఉంది. అప్పటికి అరగంట నుంచి ఒక్కొక్కటీ ముక్కుకి ఆనించి చూసుకుంటున్నాడు.

"క్రెచ్‌లో ఇంట్లో చేసినవి తీసుకోరన్నావు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "బల్ల నిండా ఇంట్లో చేసినవే ఉన్నాయమ్మా."

కోడలు భుజం మీది సంచీ దించలేదు. ఆయమ్మ ఫోన్ చేసి ఉంటుంది, మొహం చూస్తేనే తెలుస్తోంది. "అబద్ధం చెప్పాను మామయ్యా" అంది.

"నాకు వాసన తెలియదని నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"రెండు నెలలు దాటింది. ఒక మంగళవారం ఓవెన్ మీట పడిపోయి అసలు వేడే ఎక్కలేదు. లోపల దీపం కూడా వెలగడం లేదు, ట్రే చల్లగా ఉంది. మీరు వంగి గాలి పీల్చి, వచ్చేసింది అన్నారు."

మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు గుర్తొచ్చింది. ట్రే తియ్యబోతుంటే కోడలు అడ్డుపడి, పాప ఏడుస్తోంది, కాస్త ఎత్తుకుని తిప్పండి అని గదిలోకి పంపింది. అరగంట తిప్పాడు. వెనక్కి వచ్చేసరికి బిస్కెట్లు చక్కగా కాలి బల్ల మీద ఉన్నాయి. తన అంచనా తప్పలేదని ఆ రోజంతా మురిసిపోయాడు.

"అంటే రెండు నెలలుగా మొగుడూ పెళ్ళాలిద్దరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారన్నమాట."

"నవ్వలేదు మామయ్యా. తిన్నాం."

ఆ మాట కోడలు చాలా చిన్నగా అంది. తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. మొదట్లో బాగానే ఉండేవి. నెల రోజుల నుంచే పిండి చెడింది. అప్పటి నుంచి పాప తిననప్పుడల్లా ఏదో ఒక వంక చెబుతోంది, పాపే పెద్దవాళ్ళకంటే నయం, నోట పెట్టగానే ఉమ్మేస్తోంది. భర్త మాత్రం తండ్రి బాధపడతాడని ప్రతి వారం రెండు తిని వెళుతున్నాడు, లిఫ్టు గుంటలో మధ్యాహ్నం దాకా ఆ చేదు పోవడం లేదని చెప్పాడు. దుకాణంలో ఎవరూ ఎగబడి తినలేదు. డబ్బా తీసుకెళ్ళి దారిలో చెత్తకుండీలో పారబోస్తోంది.

"ప్రతి మంగళవారమూనా?"

"ప్రతి మంగళవారం."

మాస్టరు బల్ల మీద గట్టిగా చరిచాడు. పెట్టెలో బిస్కెట్లు ఎగిరిపడ్డాయి. "నేను చేసినదాన్ని కుండీలో పోసి, నా మొహాన బాగున్నాయని చెబుతావా? రోజూ మధ్యాహ్నం వచ్చి నా మీద కాపలా కాసేదానివి, ఒక్క మాట అనడానికి నోరు రాలేదా?"

"కాపలా కాదు" అంది కోడలు. అప్పుడు ఆమెకీ కోపం వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "గ్యాస్ చూడటానికి వచ్చేదాన్ని. స్టవ్ మీట సరిగ్గా కట్టకపోతే మీకు వాసన తెలియదు కదా. మీరు ఒక్కరే ఉంటారు. దుకాణంలో ఎవరి కళ్ళు పరీక్ష చేస్తున్నా నా ప్రాణం ఇక్కడే ఉండేది. ఒంటిగంట ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని."

మాస్టరు చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. గొడుగు, ఛార్జరు, కళ్ళజోడు. రోజూ ఎండలో బస్సెక్కి వచ్చి, అర నిమిషం నిలబడి, తన భోజనం కూడా సరిగ్గా తినకుండా వెళ్ళిపోయిన పిల్ల. దాన్నా తను కొడుకు దగ్గర ఆడిపోసుకున్నది. ఆయనకి సిగ్గేసింది.

కోడలు ఇప్పుడు సంచీ దించి, ఎదుటి కుర్చీలో కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా దుకాణానికి కొంతమంది వస్తారు మామయ్యా. చూపు తగ్గిపోయి ఉంటుంది. బండి నడపడం మానెయ్యమంటారని భయం. గోడ మీది అక్షరాలు ముందే బట్టీపట్టి గడగడా అప్పజెబుతారు. నేను చార్టు మార్చేస్తాను, దొరికిపోతారు. తిడతారు. అయినా చెప్పేస్తాను. రోజూ ముక్కూమొహం తెలియని వాళ్ళకి చెబుతాను. మీకు చెప్పలేకపోయాను."

"ఎందుకని?"

కోడలు బల్ల అంచుని గోటితో గీసింది.

"మా నాన్నయితే మొదటి రోజే చెప్పేదాన్ని" అంది. "ఛీ, ఏమిటి నాన్నా ఇది అనేదాన్ని. ఆయన కోప్పడేవాడు, నేను అలిగేదాన్ని, సాయంత్రానికి సరిపోయేది. మీతో అలా అనే చనువు నాకు లేదు కదా. కోడలు అందంటే ఎంత మాట అయిపోతుందో అని."

రెండేళ్ళుగా ఈ ఇంట్లో తనకి అందిన మర్యాదంతా మాస్టరు కళ్ళముందు కదిలింది. తట్టిన తలుపులు, ముందుగా వడ్డించిన అన్నాలు, బాగున్నాయి మామయ్యా అనే మాటలు. అవన్నీ ప్రేమే. కానీ ఆ ప్రేమ గుమ్మం బయటే నిలబడిపోయింది, లోపలికి రమ్మని తనూ ఎన్నడూ పిలవలేదు.

"చెప్పనిది నువ్వొక్కదానివేనా" అన్నాడు చివరికి. "నేనూ చెప్పలేదు. ముక్కు పోయిందంటే, ఇక కూర్చోండి మామయ్యా, మేం చూసుకుంటాం అంటారు. కూర్చోవడానికేనా నేను ఈ ఇంటికి వచ్చింది? పొద్దున లేచి, నేనెందుకు లేచాను అనుకునే రోజు వస్తుందని భయపడ్డానమ్మా." ఆయన చెదిరిన బిస్కెట్లని పెట్టెలో సర్దాడు. "మీ అత్తయ్య ఉంటే నన్ను ఇంత దూరం రానిచ్చేది కాదు. బేకరీలో అందరూ మాస్టరు మాస్టరని మోసేవాళ్ళు. ఇంటికి రొట్టె తెస్తే ఆవిడ మాత్రం, ఉప్పెక్కువైంది, అడుగు గట్టిపడింది అనేది. అప్పుడు ఒళ్ళు మండేది నాకు. ఆవిడ పోయాక ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. అందరూ బాగుందనే అన్నారు. అంతమంది బాగుందంటుంటే ఇంత ఒంటరిగా ఎందుకుంటుందో నాకు అర్థమయ్యేది కాదు."

కోడలు ఏడ్చింది. మాస్టరు కూడా ఏడ్చాడు. ముక్కు మీది వెన్న కన్నీళ్ళతో కలిసి జారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. కోడలే లేచి, మూలనున్న తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చింది.

తర్వాత ఇద్దరూ కలిసి పిండి డబ్బాని చెరోవైపు పట్టుకుని పెరట్లోకి మోశారు. పారతో గొయ్యి తీసి అందులో పిండి పోశారు, దాని మీద వెన్న, దాని మీద బిస్కెట్లు. మట్టి కప్పుతున్నప్పుడు మాస్టరు అడిగాడు, నిజంగా అంత భరించలేకుండా ఉన్నాయా అని. కోడలు ఒక్క క్షణం తటపటాయించి, పాత నూనెలో తడిపిన అట్టలా ఉన్నాయంది. మాస్టరు పార ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె భయపడింది. ఆయన తల ఊపి మళ్ళీ మట్టి లాగాడు.

ఆదివారం పొద్దున ముగ్గురూ వంటగదిలోనే ఉన్నారు, బుడంకాయతో కలిపి నలుగురు. వెన్న నూరు గ్రాముల ప్యాకెట్టు, పిండి పావుకిలో. మాస్టరు ఆ ప్యాకెట్లని బొమ్మల కొట్టు సరుకుని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. కోడలు ఒక్కొక్కటీ వాసన చూసి చెప్పింది. ఓవెన్ దగ్గర నిలబడే పని కూడా ఆమెకే అప్పగించాడు. ఆమె మరీ తొందరపడి "వచ్చేసింది" అంది. మాస్టరు ట్రే బయటికి తీసి వేలితో నొక్కి చూసి, ఇంకా రాలేదు, నీకు వచ్చిన వాసన వెన్నది, బిస్కెట్టుది కాదు అని లోపలికి తోశాడు. రెండోసారి సరిగ్గా చెప్పింది.

చల్లారాక కొడుకు ముందు చెయ్యి చాపాడు. కొరికాడో లేదో, అలవాటు ప్రకారం, చాలా బాగున్నాయి నాన్నా అనేశాడు. మాస్టరు మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. ఆయన కోడలి వైపు తిరిగాడు.

కోడలు నెమ్మదిగా నమిలింది. మింగింది. ఇంకో ముక్క కొరికింది. మాస్టరు చేతులు బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి. ఆమె భర్త, వద్దన్నట్టు చూశాడు. ఆమె ఆ చూపు పట్టించుకోలేదు.

"బాగాలేదు మామయ్యా" అంది. "దాల్చినచెక్క మరీ ఎక్కువైంది, ఇంకేమీ తెలియడం లేదు. గుమ్మడికాయ కూడా సరిగ్గా మగ్గలేదు, పచ్చివాసన పోలేదు. పాపవైతే పర్లేదు. మనవి మాత్రం అస్సలు బాగాలేదు."

మాస్టరు కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తియ్యాల్సి వచ్చింది. కొడుకు కంగారుగా లేవబోయాడు. ఆయన చేత్తో వాడిని కూర్చోమన్నాడు.

"నీకేం తెలుసు" అన్నాడు కోడలితో. "నిన్నగాక మొన్న వాసన చూడటం నేర్చుకున్నావు, నాకు వంకలు పెడతావా?"

"పెడతాను. చిటికెడంటే మీరు గుప్పెడు వేశారు. నేను చూశాను."

"చూసినదానివి అప్పుడే చెప్పొద్దూ?" అని మాస్టరు గిన్నె తన ముందుకు లాక్కుని, కుర్చీ పక్కకి జరిపి ఆమెకి చోటిచ్చాడు. "రా, ఇలా వచ్చి కూర్చో. ఈసారి నేను వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపు."